మూల దగ్గర ఎంత తిరిగాం?

(జాతీయ గణిత దినోత్సవం సందర్భంగా ఒక పట్టణ గ్రంథాలయంలో విశ్రాంత లెక్కల మాస్టారు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? వినపడనివాళ్లు చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదు కాబట్టి అందరికీ వినిపిస్తోందనుకుంటాను. (నవ్వులు)

మీలో ఎవరి దగ్గరైనా ఇరవై రూపాయల బిళ్ళ ఉంటే బయటికి తీయండి. నోటు కాదు, బిళ్ళ. లేకపోతే ఇదిగో, నాది తీసుకోండి, ఒకరి చేతినుంచి ఒకరికి పంపండి. 2019లో కేంద్రం ప్రకటించిన నాణెం ఇది. ఈ చివరనుంచి ఆ చివరకి 27 మిల్లీమీటర్లు. అమ్మా, మూడో వరుసలో నువ్వు, అంచులు లెక్కపెట్టు. పన్నెండు కదా? దీనికి ముందు భారతదేశ పటం ఉన్న రెండు రూపాయల బిళ్ళ ఒకటి తిరిగేది, పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. దానికి పదకొండు అంచులు. దాన్ని కాసేపు పక్కన పెడదాం, అది కొంచెం పెంకి రకం.

ఈ పన్నెండంచుల బిళ్ళకి ఒక్కో మూల దగ్గర లోపలి కోణం ఎంత? ... ఎవరో 150 అన్నారు. ఎలా వచ్చింది నాయనా? 12లోంచి 2 తీసేసి, 180తో గుణించి, 12తో భాగించావు. 1800 బై 12, నూట యాభై. చక్కగా చెప్పావు. సూత్రంలో తప్పేమీ లేదు. కానీ ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినవాడిగా నా అనుభవం ఏమిటంటే, పరీక్ష అయిన రెండేళ్లకి ఇదే కుర్రాణ్ణి ఆపి అడిగితే "సార్, అక్కడ మైనస్ రెండా, ప్లస్ రెండా?" అంటాడు. వాడి తప్పు కాదది. ఆ రెండు ఎక్కణ్ణించి ఊడిపడిందో వాడికి కాళ్లతో తెలియలేదు. నేను సరదాకి అనడం లేదు, కాళ్లతోనే తెలియాలి.

గుళ్లో ప్రదక్షిణం చేస్తాం. ప్రాకారం నలుచదరంగా ఉందనుకోండి. స్వామి మనకి కుడిపక్కన ఉండాలి గనక ప్రతి మూల దగ్గరా కుడికే తిరుగుతాం. ధ్వజస్తంభం దగ్గర తూర్పుకు చూస్తూ బయల్దేరారు... సరే, ఏ దిక్కైనా ఒకటే. నాలుగు మూలలు తిరిగి మళ్లీ అక్కడికే వచ్చి, అదే దిక్కుకి చూస్తూ నిలబడ్డారు. ఒక్కో మూల దగ్గర 90 డిగ్రీలు తిరిగారు, మొత్తం 360. ఇప్పుడు హైదరాబాదు వెళ్దాం. కుతుబ్‌షాహీ సమాధుల్లో జంషీద్ కులీ సమాధి అష్టభుజి. రెండంతస్తుల కట్టడం. మిగతావి చాలామటుకు చదరాలు కాబట్టి చూడగానే తెలిసిపోతుంది. దాని గోడ పట్టుకుని చుట్టూ నడిస్తే ఎనిమిదిసార్లు తిరగాలి. బయల్దేరిన దిక్కుకే మళ్లీ వస్తాం. అక్కడా 360యే. అయితే ఒక్కో మలుపూ 360 బై 8, అంటే 45.

"నిజంగా 360యే అవుతుందని ఎలా నమ్మాలి?" అని ఒక పిల్లవాడు నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. ఇంట్లో పూజ అయ్యాక ఏం చేస్తారు? ఉన్నచోటే నిలబడి గుండ్రంగా తిరుగుతారు. ఆత్మప్రదక్షిణం అంటాం. గుడి చుట్టూ నడిచేదాన్ని ఊహలో కుదించండి. ప్రాకారం సగమైంది, మూలల్లో మలుపులు మారాయా? లేదు, నడక ఒక్కటే తగ్గింది. ఇంకా కుదించండి, బల్లంత, పీటంత, చివరికి మీ పాదాల కింద చుక్కంత. నడక పూర్తిగా పోయింది, మిగిలింది తిరుగుడు ఒక్కటే. ఆ తిరుగుడే ఆత్మప్రదక్షిణం, ఒక పూర్తి చుట్టు. మూలలు నాలుగైనా, ఎనిమిదైనా, పన్నెండైనా, భుజాలు సమానంగా ఉన్నా లేకపోయినా, చుట్టు చుట్టే. నడిచే దారి లోపలికి నొక్కుకుపోయిన చోట మాత్రం ఎడమకి తిరగాల్సి వస్తుంది, దాన్ని తీసివేతగా లెక్కేసుకోండి. అప్పుడూ 360 మారదు.

మలుపుకి పుస్తకాల్లో పేరు బాహ్య కోణం. తిన్నగా పోవాల్సిన మనిషి ఎంత పక్కకి తిరిగాడో అది. తిన్నగా ఉంటే 180. అందులోంచి మలుపు తీసేస్తే మిగిలింది అంతర కోణం. ఇరవై రూపాయల బిళ్ళకి మలుపు 360 బై 12, ముప్ఫై. 180లోంచి 30 పోతే 150. అయిపోయింది. ఆ మైనస్ రెండు ఎక్కణ్ణించి వచ్చిందంటారా? ఎన్ని మూలలుంటే అన్ని 180లు, అందులోంచి ఒక ప్రదక్షిణం, అంటే రెండు 180లు, తీసేశాం. ఆ రెండు అదే.

ఇది నేను బడిలో నేర్చుకోలేదండీ. మా నాన్న దగ్గర నేర్చుకున్నాను, అదీ చీవాట్లు తిని.

మా నాన్న వడ్రంగి. నాలుగో తరగతితో చదువు ఆగిపోయింది. నేను తొమ్మిదిలో ఉండగా ఒకాయన అద్దానికి ఫ్రేము కావాలని వచ్చాడు. ఎనిమిది మూలలుండాలన్నాడు. నాన్న అప్పటిదాకా నాలుగు మూలలవే చేశాడు. నాలుగు మూలలంటే చెయ్యి తిరిగిన పని: బద్దకి మూలమట్టం పెట్టి అడ్డంగా గీత గీస్తాడు, ఆ గీతనుంచి 45 డిగ్రీల వాలు గుర్తుపెట్టి కోస్తాడు. రెండు బద్దలు కలిపితే చక్కగా మూల కూర్చుంటుంది. ఎనిమిదికి ఎంత వాలు కొయ్యాలి? "లెక్కలు చదువుతున్నావుగా, చెప్పరా" అన్నాడు.

నాకు ఒళ్లంతా గర్వం. అప్పుడే ఆ పాఠం అయింది. ఎనిమిదిలోంచి రెండు తీసేశాను, గుణించాను, భాగించాను, 135 వచ్చింది. రెండు బద్దలు చెరిసగం పంచుకోవాలి కదా, 67న్నర అని చెప్పేశాను. నాన్న మారు మాట్లాడకుండా మూలమట్టం గీతనుంచి 67న్నర వాలు పెట్టి టేకు బద్దలు రెండు కోశాడు. కోస్తుంటేనే ఆయన ముఖం మారింది, ఎందుకంటే బద్ద చివర బల్లెంలా వస్తోంది. రెండూ కలిపి చూస్తే అష్టభుజి మూల ఎక్కడిది, బాణం ములుకులా 45 డిగ్రీల మొన. రెండడుగుల టేకు పాడైంది. అప్పట్లో మా ఇంట్లో అది చిన్న నష్టం కాదు.

నన్ను తిట్టాల్సినంత తిట్టి, బీడీ ముట్టించి, కాసేపు ఆ బద్దల వంక చూస్తూ కూర్చున్నాడు. తర్వాత పాత న్యూస్‌పేపరు తీసి దాని మూలని కర్ణంమీద మడిచాడు. "ఇది నలభై ఐదు. నాలుగు మూలలకి ఇది." దాన్ని ఇంకో మడత వేశాడు. "మూలలు రెట్టింపైతే వాలు సగం. ఎనిమిదికి ఇది." ఆ కాగితాన్నే మూలమట్టం గీత దగ్గర పెట్టి గుర్తు గీసుకుని కోశాడు. 22న్నర. ఎనిమిది బద్దలూ కూర్చున్నాయి.

అర్థమైందా ఆయన ఏం చేశాడో? నా 67న్నర అబద్ధం కాదు. బద్ద అంచునుంచి కొలిస్తే అది సరైనదే. కానీ ఆయన రంపం ఎప్పుడూ తిన్నటి అడ్డకోతనుంచి ఎంత పక్కకి వాలాలి అన్నదే కొలుస్తుంది. అంటే ఆయన పనిముట్టుకి తెలిసింది మలుపే. మూల దగ్గర ఫ్రేము 45 తిరుగుతుంది, ఆ తిరుగుడులో సగం ఈ బద్ద మోస్తుంది, సగం ఆ బద్ద. అంతకన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది. "మూలలు రెట్టింపైతే వాలు సగం" అన్న మాట మలుపుల విషయంలోనే నిజం. 4 భుజాలకి మలుపు 90, 8కి 45, 16కి 22న్నర. లోపలి కోణాలు చూడండి: 90, 135, 157న్నర. వీటిలో రెట్టింపూ లేదు, సగమూ లేదు. బడికెళ్లిన నేను వంకరగా ఉన్న సంఖ్యని పట్టుకున్నాను, వెళ్లని ఆయన తిన్నగా ఉన్నదాన్ని పట్టుకున్నాడు.

ఫ్రేము పనిలో ఇంకో తమాషా ఉంది. ఒక్కో కోతలో అర డిగ్రీ తేడా వచ్చిందనుకోండి, కంటికి ఆనదు. మొదటి అతుకు బాగానే ఉంటుంది, రెండోదీ, మూడోదీ. ఎనిమిది బద్దలకి పదహారు కోతలు, పదహారు అరలు ఎనిమిది. చివరి అతుకు దగ్గర ఎనిమిది డిగ్రీల సందు నోరు తెరుచుకుని చూస్తుంది. చుట్టు పూర్తి కావాల్సిందే గనక దాచుకోవడానికి చోటుండదు. పుట్టీ పెట్టి పూడ్చేవాళ్లని చూశాను, మా నాన్న ముందు ఆ మాటెత్తకూడదు.

పరీక్షకి చదివే పిల్లల కోసం ఒక ముక్క. "క్రమ బహుభుజిలో అంతర కోణం 140 అయితే భుజాలెన్ని?" అని ఇస్తారు. క్రమ బహుభుజి అంటే భుజాలన్నీ, కోణాలన్నీ సమానంగా ఉన్న బొమ్మ. సమీకరణం రాయకండి. మలుపు 40, చుట్టులో నలభైలు తొమ్మిది. జవాబు తొమ్మిది. "అంతర కోణం 145 అయితే?" మలుపు 35. 360లో ముప్ఫై ఐదులు పదిసార్లు పోయి పది మిగులుతుంది. అలాంటి క్రమ బహుభుజి లేదు. "లేదు" అన్నది కూడా జవాబే అని పిల్లలకి నమ్మకం కలిగించడానికి నాకు ప్రతి ఏడూ వారం పట్టేది.

మరి కోణం పూర్ణ డిగ్రీల్లో వచ్చే క్రమ బహుభుజులు ఎన్ని? 360ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 24. వాటిలో ఒకటి, రెండు పనికిరావు, రెండు భుజాలతో బొమ్మ మూసుకోదు కదా. మిగిలినవి 22. త్రిభుజం, చతురస్రం, పంచభుజి, షడ్భుజి వరుసగా బాగానే నడుస్తాయి, ఏడు దగ్గర మొదటి రాయి తగులుతుంది. 360 బై 7 అంటే 51 డిగ్రీల పైన మూడు బై ఏడు. ఇందాకటి పెంకి రెండు రూపాయల బిళ్ళ కూడా ఇంతే, 32 పైన ఎనిమిది బై పదకొండు.

ఈ ఏడు అనే రాయి చాలా పెద్దవాళ్ల కాలికే తగిలింది. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో ఒక లెక్క ఉంది. వృత్తం వ్యాసం 1,20,000 అనుకుంటే, అందులో ఇమిడే క్రమ బహుభుజుల భుజాలు త్రిభుజంనుంచి నవభుజిదాకా వరుసగా చెప్పాడు: 103923, 84853, 70534, 60000, 52055, 45922, 41031. మధ్యలో అరవై వేలు చూశారా? షడ్భుజి భుజం సరిగ్గా వ్యాసార్ధం. వృత్తలేఖిని తెరిచినది తెరిచినట్టే ఉంచి ఆరు గుర్తులు పెట్టే ఆట మనమందరం ఆడిందే. ఇప్పుడు కాలిక్యులేటరుతో సరిచూడండి. మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఎనిమిది: చివరి అంకెదాకా సరిపోతాయి. ఏడుకి మాత్రం 52066 రావాలి, తొమ్మిదికి 41042. రెండింటిలోనూ పదకొండు తక్కువ. పన్నెండు మీటర్ల మండపం కడితే మిల్లీమీటరు తేడా, దాన్ని ఏ మేస్త్రీ పట్టించుకోడు. కానీ జారినవి ఆ రెండే ఎందుకు జారాయి? మిగతావన్నీ వర్గమూలాలతో దొరికిపోతాయి. ఏడు, తొమ్మిది దొరకవు. ఎంతసేపు వర్గమూలాలు తీసినా దగ్గరదాకా వెళ్లడమే తప్ప ముట్టుకోలేం.

స్కేలు, వృత్తలేఖిని తప్ప మరేదీ లేకుండా సప్తభుజి గీయడం అసాధ్యమని 1837లో వాంజెల్ అనే ఫ్రెంచి ఆయన నిరూపించాడు. అంతకు ముందు 1796లో, ఇంకా పంతొమ్మిది నిండని గౌస్ అనే జర్మన్ కుర్రాడు, 17 భుజాలది గీయొచ్చని కనిపెట్టాడు. ఏడు గీయలేం, తొమ్మిది గీయలేం, పదిహేడు గీయగలం! తర్వాత హెర్మెస్ అనే ఆయన 65,537 భుజాల బొమ్మ ఎలా గీయాలో పదేళ్లు కూర్చుని రాశాడు. ఆ కాగితాల పెట్టె జర్మనీలోని గొటింగెన్‌లో ఉంది. ఆ బొమ్మకి ఒక్కో మూల దగ్గర మలుపు దాదాపు 20 కోణపు సెకన్లు, అంటే డిగ్రీలో సుమారు నూట ఎనభయ్యో వంతు. గీస్తే వృత్తంలాగే ఉంటుంది. అలాంటివాళ్లంటే నాకు జాలీ గౌరవమూ కలిసి వస్తాయి.

ఇప్పుడు ధనుర్మాసం. పొద్దున్న ఇక్కడికి వస్తూ వీధిలో ముగ్గులు చూశాను. పిల్లలూ, మీ అమ్మగారో అమ్మమ్మగారో "పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా" అంటారు, విన్నారా? మధ్య వరసలో 15, దానికి పైనా కిందా 14, 13, అలా తగ్గి ఎనిమిది దగ్గర ఆగుతుంది. ఆ చుక్కల గుంపు ఆకారం ఏమిటి? షడ్భుజి! ఒక్కో భుజంమీద సరిగ్గా ఎనిమిది చుక్కలు. మొత్తం 169 చుక్కలు, ఇంటికెళ్లి లెక్కపెట్టండి. 21 నుంచి అయితే 11 దాకా. ఎందుకు 15కి ఎనిమిదే అంటే, రెండెనిమిదులు పదహారులోంచి ఒకటి తీసెయ్యాలి, మధ్య చుక్క రెండు పక్కలా లెక్కకి వచ్చింది గనక. మా అమ్మ వరసలు కాస్త దగ్గరదగ్గరగా పెట్టేది, షడ్భుజి నొక్కుకుపోయేది. అయినా అందంగానే ఉండేది.

సరి చుక్కలతో చదరాలు వస్తాయి, సందు చుక్కలతో త్రిభుజాలూ షడ్భుజాలూ వస్తాయి. పంచభుజులు పక్కపక్కన పేర్చిన ముగ్గు ఎక్కడైనా చూశారా? చూసి ఉండరు. టైల్స్ షాపులోనూ క్రమ పంచభుజి టైలు దొరకదు. ఎందుకంటే టైల్స్ ఒక బిందువు దగ్గర కలిసినప్పుడు వాటి కోణాలు మొత్తం 360 నిండాలి. అరవైలు ఆరు, తొంభైలు నాలుగు, నూట ఇరవైలు మూడు. పంచభుజి కోణం 108. మూడు పెడితే 324, ఇంకా 36 డిగ్రీల సందు. నాలుగోది పట్టదు. షడ్భుజి దాటితే కోణం 120 కన్నా ఎక్కువ, మూడు పట్టవు, రెండు చాలవు. కాబట్టి ఒకే రకం క్రమ బహుభుజితో నేల నింపాలంటే మూడే మూడు దారులు. తేనెటీగ మూడోదాన్ని ఎంచుకుంది. ఒకే వైశాల్యం ఉన్న గదులు కట్టడానికి గోడ తక్కువ ఖర్చయ్యేది షడ్భుజాలతోనే అని రెండు వేల ఏళ్ల కిందటే రోములో వర్రో అనే పండితుడు రాశాడు. పూర్తి నిరూపణ మాత్రం థామస్ హేల్స్ అనే గణితవేత్త 1999లో చేశాడు. రెండు రకాలు కలపొచ్చంటే ఇంకా ఉన్నాయి. పాత గచ్చుల్లో అష్టభుజుల మధ్య చిన్న చదరం ఉంటుంది చూడండి, 135, 135, 90. సరిగ్గా 360.

మరి ఆ 36 డిగ్రీల సందుని బలవంతంగా మూసేస్తే? కాగితంమీద మూడు పంచభుజులు కత్తిరించి అంచులు అతికించి చూడండి. నేలమీద పడుకోదు, గిన్నెలా పైకి లేస్తుంది. ఫుట్‌బాల్ అలా పుట్టిందే. 1970 మెక్సికో ప్రపంచ కప్‌లో ఆడిన నలుపు తెలుపు బంతి: 12 నల్ల పంచభుజులు, 20 తెల్ల షడ్భుజులు. ప్రతి మూల దగ్గరా ఒక పంచభుజి, రెండు షడ్భుజులు కలుస్తాయి. 108, 120, 120: మొత్తం 348. 360కి 12 తక్కువ. ఆ పన్నెండు డిగ్రీల లోటే బంతికి వంపు. మూలలు ఎన్ని? ప్రతి మూలా ఒకే ఒక్క పంచభుజిది, పన్నెండైదులు అరవై. అరవై పన్నెండులు 720.

పాచికని చూడండి. ప్రతి మూల దగ్గరా మూడు తొంభైలు, లోటు 90. ఎనిమిది మూలలు, 720. నాలుగు సమబాహు త్రిభుజాలతో చేసిన చిన్న పిరమిడ్: మూల దగ్గర మూడు అరవైలు, లోటు 180, నాలుగు మూలలు, మళ్లీ 720. పదిహేడో శతాబ్దంలో దెకార్త్ అనే ఫ్రెంచి గణితవేత్త గమనించిన సంగతి ఇది. నేలమీద బొమ్మ మూసుకోవాలంటే ఒక చుట్టు, బొమ్మ బంతిలా మూసుకోవాలంటే రెండు చుట్లు.

నా సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ఆ గడియారం మీద కూడా పన్నెండు మలుపులే, నేనేం చెయ్యను. (నవ్వులు) ఒక్క ప్రశ్న తీసుకుంటాను. చెప్పమ్మా.

(సభలో ఒక విద్యార్థిని: "సార్, పెన్ను ఎత్తకుండా అయిదు కొమ్మల నక్షత్రం గీస్తే మొన 36 డిగ్రీలని చదివాను. అప్పుడు మలుపు 144. అయిదు మలుపులు 720. ఇదీ ఫుట్‌బాల్‌లో వచ్చిన 720యేనా?")

కూర్చోకమ్మా, నిలబడు, అందరూ నిన్ను చూడాలి. బ్రహ్మాండంగా పట్టుకున్నావు. కానీ ఆ రెండూ వేరు. ఒకే పేరున్న ఇద్దరు మనుషులు. నక్షత్రం గీస్తున్నప్పుడు నీ పెన్ను మధ్యభాగం చుట్టూ రెండుసార్లు తిరిగి వస్తుంది, అందుకని రెండు చుట్లు. అది కాగితంమీద నడిచిన మలుపుల లెక్క. బంతిది మూలల్లో చాలని కోణాల లెక్క. తేడా తెలియాలంటే ఇలా చెయ్యి. వృత్తంమీద ఏడు చుక్కలు పెట్టు, కంటి అంచనాతో చాలు, ఏడు ఎలాగూ ఖచ్చితంగా రాదని ఇందాక చెప్పుకున్నాం. ప్రతిసారీ ఒక చుక్క వదిలేసి తర్వాతిదానికి గీస్తూ పో. ఒక నక్షత్రం వస్తుంది, రెండు చుట్లు, 720. ఈసారి రెండేసి చుక్కలు వదిలి గీయి. ఇంకా సన్నని మొనల నక్షత్రం వస్తుంది. దానికి మూడు చుట్లు, 1080. నక్షత్రాల్లో అలా ఎన్ని చుట్లైనా పెంచుకుంటూ పోవచ్చు. నువ్వు ఎలాంటి బంతి కుట్టినా, ఎన్ని ముక్కలతో కుట్టినా, లోటు 720 దాటదు, తగ్గదు.

ఆ ఏడు కొమ్మల నక్షత్రాల మొనలు రెండూ ఎంతెంతో లెక్కగట్టి తీసుకురా. కోణమానిని ముట్టుకోవద్దు. 1080ని ఏడుతో భాగించి, వచ్చినదాన్ని 180లోంచి తీసెయ్యి, సన్నదాని సంగతి తేలిపోతుంది. రెండోదాన్ని నేను చెప్పను.